గేటు పక్క రాయి మీద ఏం చెక్కిద్దాం?

గ్రానైటు షాపాయన ఫోన్ చేసి, "పేరు చెప్తే రేపు మిషన్ మీద పెట్టేస్తానండీ" అన్నాడు. గృహప్రవేశానికి ఇంకా ఆరు రోజులే. మా దగ్గర పేర్లు మూడున్నాయి, మూడింటి తరఫునా ముగ్గురు ప్లీడర్లున్నారు. నాన్నగారిది 'శ్రీ వేంకటేశ్వర నిలయం'. మా ఆవిడ పుట్టిల్లు హనుమకొండ, ఆవిడకి 'పూలవాకిలి' అని పెట్టాలని ఉంది. నేను అమ్మ పేరు పెడదామన్నాను. ఆ పేరుగల మనిషి వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది: "నేనింకా బతికే ఉన్నాను కదరా, అప్పుడే రాయి మీదికి ఎక్కిస్తావేంటి?"

రాయి పాలిష్ పట్టించి పంపెయ్యండి, పేరు తర్వాత చెప్తాను అన్నాను. ఆ 'తర్వాత' పది నెలలు పట్టింది. రెండడుగుల నల్లరాయి గేటు స్తంభంలో ఖాళీగా మెరుస్తూ ఉండేది. వచ్చినవాళ్ళు అందులో చూసుకుని జుట్టు సవరించుకునేవారు. ఆ పది నెలల్లో మా రాజమండ్రిలోనూ, హైదరాబాదులోనూ, అత్తవారి ఊళ్ళోనూ నేను చదవకుండా వదిలిన గేటు లేదు. మీరూ ఇప్పుడు అలాంటి ఖాళీ రాయి ముందు నిలబడి ఉంటే, నేను తూచిన పేర్లన్నీ మీ ముందు పెడతాను. త్రాసు నాది కాబట్టి ఒక పక్కకి కాస్త మొగ్గుతుంది, ముందే చెప్తున్నా.

ఊరు పెట్టే పేరు

మన భాషలో ఒక తమాషా ఉంది. ఇంటిపేరు అంటాం గానీ అది ఇంటికి ఉండదు, మనిషికి ఉంటుంది. కేరళవాళ్ళు వీట్టుపేరు అంటారు, మాటకి అర్థం అదే. కానీ అక్కడ ఇంటికి నిజంగానే పేరుంటుంది, ఆ పేరే మనిషికీ అంటుకుంటుంది, ఉత్తరం మీద చిరునామాగానూ పనికొస్తుంది. మనకి ఇంటిపేర్లు చాలావరకు పూర్వీకుల ఊళ్ళ నుంచి వచ్చాయి. ఇల్లేమో పేరు లేకుండా ఉండిపోయింది.

ఉండిపోయింది అనడం కూడా తప్పే. మనం పెట్టకపోతే ఊరు పెట్టింది. వీధిలో మొదట మేడ కట్టినవాళ్ళు మేడింటోళ్ళయ్యారు. ఆ మేడ కూలిపోయి పెంకుటిల్లు వేసుకున్నా వాళ్ళు మేడింటోళ్ళే. చింతచెట్టు ఇల్లు, నూతి ఇల్లు, కరణంగారిల్లు, పచ్చ గేటు ఇల్లు. కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచూయించి, మేలుప్రతులు రాయించాడు. దొర ఇల్లు అనకుండా దానికి 'బ్రౌన్ కాలేజీ' అని పేరొచ్చేసింది. ఇప్పుడు అదే చోట ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఏ రాయి మీదా చెక్కకుండా నిలిచిన పేరది.

అందుకని మొదటి ఎంపిక ఏ పేరు అన్నది కాదు, అసలు పేరు పెట్టాలా అన్నది. ఇంటి పన్నుకీ, కరెంటు బిల్లుకీ, రిజిస్ట్రేషన్ కాగితానికీ డోర్ నంబరు ఉంటే చాలు, పేరు ఎవరూ అడగరు. అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌కైతే పేరు అక్కర్లేదనే నా అభిప్రాయం. భవనానికి బిల్డరు ఎలాగూ ఏదో ఎన్‌క్లేవో రెసిడెన్సీయో పెట్టేసి ఉంటాడు, తలుపు మీద మీ పేర్లుంటే సరిపోతుంది. విడి ఇల్లు, అందులోనూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పండక్కి చేరే ఇల్లయితే పేరు పెట్టండి. హైదరాబాదు బై నంబర్లలో ఇల్లు వెతికినవాళ్ళకి ఆ మేలు తెలుస్తుంది. మూడు బై నాలుగు బై అయిదొందల చిల్లర అని వీధంతా తిరిగాక, "ఆ పారిజాతం ఇల్లా?" అని ఎవరో అంటే ప్రాణం లేచొస్తుంది.

దేవుడి పేరు పెడితే

దీనికి మద్దతు ఎక్కువ. ఇంట్లో ఎవరూ కాదనరు, పురోహితుడు సంతోషిస్తాడు, వచ్చే తరం మార్చడానికి జంకుతుంది. నాన్నగారి వాదన కూడా ఇదే: "దేవుడి పేరుకి కాలదోషం పట్టదు." నిజమే. చిక్కల్లా ఆ పేరు ఇంకెక్కడెక్కడ ఉందో చూసుకోకపోవడంలో ఉంది.

'శ్రీనివాసం' ఎంత ముచ్చటైన పేరు! స్వామి పేరూ ఉంది, నివాసమూ ఉంది. కానీ తిరుపతి బస్టాండు ఎదురుగా దేవస్థానం వారి వసతి సముదాయం పేరు అదే, రైల్వేస్టేషను దగ్గరిది 'విష్ణునివాసం', ఇంకోటి 'మాధవం'. మా బంధువుల్లో ఒకాయన ఇంటికి ఈ పేరు పెట్టాడు. అప్పట్నుంచీ ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట "రూమ్ దొరుకుతుందా?" అనే. 'ఆనంద నిలయం' తిరుమల గర్భాలయం మీది బంగారు విమానం పేరు. పెట్టుకోకూడదని ఎవరూ అనరు గానీ, మూడు గదుల ఇంటికి అంత బరువు అవసరమా అని నాకు అనిపిస్తుంది.

'వైకుంఠం' జోలికి అస్సలు వెళ్ళొద్దు. తెలంగాణలో పల్లెప్రగతి కింద ఊరూరా శ్మశానవాటికలు కట్టి 'వైకుంఠధామం' అని బోర్డులు పెట్టారు. 'కైలాసం', 'స్వర్గసీమ'లకీ అదే ఇబ్బంది, ఆ మాటలు మన నోళ్ళలో పోయినవాళ్ళ వెంట వెళ్ళిపోయాయి. 'బృందావనం' అంటే గోదావరి జిల్లాలవాడికి కృష్ణుడూ వెన్నెలా గుర్తొస్తాయి. మంత్రాలయానికి కాలినడకన వెళ్ళే కుటుంబానికి 1671లో రాఘవేంద్రస్వామి ప్రవేశించిన బృందావనం గుర్తొస్తుంది, అంటే సమాధి. వియ్యంకులు మాధ్వులైతే ఒక మాట అడిగి చూడండి. 'పర్ణశాల' సంగతీ అంతే. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఆ పేరుతో క్షేత్రమే ఉంది, పేరులో పచ్చదనముంది. కానీ రావణుడు సీతమ్మని ఎత్తుకుపోయింది అక్కడి నుంచే కదా అని ఏ మేనత్తో అనక మానదు. అన్నాక మీరు ప్రతిసారీ గేటు తీస్తూ అదే తలుచుకుంటారు.

దేవుడి పేరే కావాలనుకుంటే, అందరి దేవుణ్ణి వదిలి మీ దేవుణ్ణి తీసుకోండి అంటాను. ఇలవేల్పు పేరు. హైదరాబాదులో ఒక గేటు మీద 'పైడితల్లి' అని కనిపిస్తే విజయనగరంవాళ్ళని తలుపు తట్టకముందే తెలుస్తుంది. 'మావుళ్ళమ్మ' అంటే భీమవరం, 'సింహాద్రి' అంటే అప్పన్న కొండ చుట్టుపక్కలవాళ్ళు. వేంకటేశ్వరుడి పేరుతో వీధికి నాలుగు ఇళ్ళుంటాయి, వీటితో ఊరికి ఒకటుంటే గొప్ప.

మా వీధిలోనే ఇద్దరు క్రైస్తవుల ఇళ్ళున్నాయి. ఒకరు 'బేతేలు' అని పెట్టుకున్నారు, దేవుని ఇల్లు అని అర్థం. ప్రార్థనా మందిరాలకీ అదే పేరు వాడుక కాబట్టి ఆదివారం ఉదయం కొత్తవాళ్ళు చెప్పులు విప్పి లోపలికి వచ్చేసిన సందర్భాలున్నాయట. రెండోవారిది 'బేతనియ'. మార్త, మరియ, లాజరు ఉన్న ఊరు, యేసు అతిథిగా వెళ్ళి భోంచేసిన చోటు. ఇంటికి ఏది అతుకుతుందో చెప్పక్కర్లేదు. హైదరాబాదు పాతబస్తీలో 'మంజిల్'లు ఎక్కువ. మంజిల్ అంటే దిగి ఆగే చోటు, మనం మజిలీ చేసుకున్న మాటే. అక్కడి మర్యాదలో ఎదుటివారి ఇంటిని దౌలత్‌ఖానా అనీ, తమ ఇంటిని గరీబ్‌ఖానా అనీ అంటారు. 'గరీబ్‌ఖానా' అని నిజంగా బోర్డు పెట్టుకునే గుండె ఎవరికైనా ఉంటే వాళ్ళింటికి టీకి వెళ్ళాలని ఉంది.

అమ్మ పేరు, నాన్న పేరు, పిల్లల పేరు

చెన్నైలో జయలలిత ఉన్న పోయెస్ గార్డెన్ ఇంటి పేరు 'వేద నిలయం'. 1967లో కొన్న ఇల్లది. తల్లి తెర మీద సంధ్య, అసలు పేరు వేదవల్లి. చూడండి, పేరు మొత్తం చెక్కించలేదు, సగం తీసుకున్నారు. తెలిసినవాళ్ళకి తల్లి కనిపిస్తుంది, తెలియనివాళ్ళకి వేదం వినిపిస్తుంది. పెద్దవాళ్ళ పేరు పెట్టాలనుకున్నప్పుడు ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. సుబ్బలక్ష్మి, నరసింహారావు దంపతుల పేర్లు యథాతథంగా పెడితే ఇల్లు కల్యాణమండపంలా అయిపోతుంది, లేదా ధర్మసత్రంలా. అదే అన్నపూర్ణమ్మగారిల్లు 'పూర్ణిమ' అయితే ఆవిడా ఉంటుంది, వెన్నెలా ఉంటుంది.

బతికున్న పెద్దల పేరు పెట్టకూడదని శాస్త్రమేమీ లేదు గానీ, మా అమ్మలాంటి వాళ్ళ ముఖంలో ఒక ఇబ్బంది కదులుతుంది. అడిగి పెట్టండి. ఇంకో సంగతి, ఇల్లు అన్నదమ్ములందరిదీ అయి, అందులో ఒకరే ఉంటుంటే అమ్మానాన్నల పేరే సరైనది. అప్పుడు ఆ పేరు "ఇది నీ ఒక్కడిదీ కాదు" అని రోజూ నెమ్మదిగా చెప్తూ ఉంటుంది. పంపకాలప్పుడు అది మంచికే వస్తుందా చెడుకే వస్తుందా అన్నది మీ కుటుంబాన్ని బట్టి.

పిల్లల పేర్ల గురించి రెండే ముక్కలు. పెద్దవాడి పేరు పెడితే చిన్నది అడుగుతుంది. ఇద్దరి పేర్లూ కలిపి ఒక కొత్త మాట వండితే దానికి అర్థం ఉండదు, పైగా మూడో బిడ్డ పుట్టొచ్చు. నేను పెట్టను.

మనిషి పేరుతో వచ్చే అసలు ఇబ్బంది ఇల్లు చేతులు మారినప్పుడు. హైదరాబాదులో కింగ్ కోఠీ కథ చాలామంది వినే ఉంటారు. కమాల్ ఖాన్ అనే ఆసామి మోజుపడి కట్టించుకుని తలుపులకీ కిటికీలకీ అన్నింటికీ తన పేరులోని కె.కె. అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కించుకున్నాడట. అది ఉస్మాన్ అలీఖాన్ చేతికొచ్చింది. ఇంకొకడి పొడి అక్షరాల మధ్య ఉండటం నిజాముకి నామోషీ, అన్నీ పీకించడం దండగ. దాంతో కె.కె. అంటే కింగ్ కోఠీ అని తేల్చేశారని చెప్పుకుంటారు. మన ఇల్లు కొనేవాడికి అంత తెలివి ఉండాలని లేదు, సుత్తి ఉంటుంది. అమ్మ పేరు సుత్తితో రాలడం చూడలేం అనుకునేవాళ్ళు ఆ పేరుని గోడలోకి చెక్కించకుండా, విప్పి పట్టుకెళ్ళే ఇత్తడి పలక మీద రాయించుకోండి.

నెహ్రూల కుటుంబం చేసింది ఇంకో రకం. అలహాబాదులో మోతీలాల్ పాత ఇల్లు 'ఆనంద్ భవన్'. 1930లో దాన్ని కాంగ్రెస్‌కి ఇచ్చేశాక అది 'స్వరాజ్ భవన్' అయింది, పక్కనే కట్టుకున్న కొత్త ఇంటికి ఆనంద్ భవన్ అన్న పేరు వచ్చి చేరింది. అంటే పేరు గోడలది కాదు, కుటుంబానిది. మీ తాతగారి ఇల్లు కూలిపోయి ఉంటే, దానికో పేరుండి ఉంటే, కొత్త పేరు కోసం తడుముకోకండి.

ఊరు, ఏరు, చెట్టు

నా త్రాసు మొగ్గేది ఇటే.

అంబేద్కర్ 1930ల్లో బొంబాయి దాదర్‌లో తన పుస్తకాలు పట్టేలా ఒక ఇల్లు కట్టించుకుని 'రాజగృహ' అని పేరు పెట్టారు. మగధ పాత రాజధాని పేరది, బుద్ధుడు తిరిగిన నేల. ఆయన ఎటు చూస్తున్నారో గుమ్మం మీదే రాసి ఉంది. మనకి అంత చరిత్ర అక్కర్లేదు, మన ఏరు చాలు. సిరిసిల్లలోనో సికింద్రాబాదులోనో ఒక ఇంటి మీద 'నాగావళి' అని ఉంటే శ్రీకాకుళం అని పోల్చుకుంటాం. 'పినాకిని' నెల్లూరు, 'మంజీర' మెదకు, 'తుంగభద్ర' కర్నూలు. 'గోదావరి' అని పెట్టేవాళ్ళు మా జిల్లాలో ఉంటూ పెడితే అర్థం లేదు, ఇక్కడ అందరిదీ గోదావరే. అదే పేరు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తలుపు పక్కన ఉంటే ఒక్క మాటలో సగం ఆత్మకథ. మూసీ పేరు మాత్రం ఎవరూ పెట్టుకోవట్లేదు. దానికి ముచుకుంద అనే పాత పేరు ఉంది, హైదరాబాదువాళ్ళు ఎవరైనా ధైర్యం చేస్తే బాగుండు.

మీది ముంపు ఊరైతే, శ్రీశైలం జలాశయం కిందో మరో ప్రాజెక్టు కిందో మునిగిన ఊరైతే, ఇక ఈ వ్యాసం చదవడం ఆపేసి ఆ ఊరి పేరే చెక్కించండి. మ్యాపులో లేని పేరు ఒక గేటు మీదైనా ఉండాలి.

చెట్టు పేర్లలో ఒక సుఖం ఉంది, మతమూ కులమూ తరమూ అడ్డురావు. 'పారిజాతం', 'పొన్న', 'నందివర్ధనం', 'మల్లెపందిరి'. షరతు ఒకటే, ఆ చెట్టు ఉండాలి. మా ఆవిడ 'పూలవాకిలి'ని తనే వెనక్కి తీసుకుంది. వాళ్ళ వైపు వాకిలి అంటే ఇంటి ముందో నడుమనో ఉండే ఖాళీ జాగా, పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గేసేది. మా వైపు అదే మాటకి గుమ్మం అన్న అర్థం ముందొస్తుంది. నాన్నగారు "తలుపుకి పూలేంటమ్మా, పండగ తోరణమా?" అన్నారు. ఆ గొడవ అలా ఉంచి, గృహప్రవేశం అయిన నెలకి తనే గేటు దగ్గర నిలబడి, "పూలూ లేవు, వాకిలీ లేదు, కారు పెట్టుకునే టైల్స్ ఉన్నాయి" అని నవ్వేసింది. అబద్ధమాడే పేరు ఎంత అందంగా ఉన్నా మూడో నెలకి వెక్కిరిస్తుంది. మూడంతస్తులు కట్టి 'కుటీరం' అని రాసుకునేవాళ్ళని చూసి వీధి నవ్వేది అందుకే.

తోక సంగతి

పేరు కుదిరాక దాని వెనక ఏం తగిలించాలన్నది రెండో తగాదా. నిలయం, నివాసం, సదనం, భవనం, విలాస్. ఇవన్నీ సంస్కృతం వైపు సరుకు, వేటి వాసన వాటికుంది. 'భవన్', 'విలాస్' అనగానే ఇడ్లీ సాంబారు వాసనొస్తుంది, ఉడిపి హోటళ్ళు ఆ రెంటినీ మనకి ఎప్పుడో దూరం చేసేశాయి. 'సదన్' అంటే హాస్టలు, 'నికేతన్' అంటే బడి. శాంతినికేతన్ మాత్రం నిజంగా ఇంటి పేరుగానే మొదలైంది. దేవేంద్రనాథ్ టాగూర్ 1863లో స్థలం తీసుకుని కట్టిన అతిథిగృహం పేరది, తర్వాత ఆ ప్రాంతమంతటికీ అదే పేరైంది. 'స్వగృహ' అని పెడితే హైదరాబాదులో జంతికలూ సున్నుండలూ ఎంతకిస్తారని అడుగుతారు, పూచీ నాది కాదు.

ఇటు తెలుగు మాటలు తీసుకుంటే పొదరిల్లు, లోగిలి, ముంగిలి, నెలవు, అరుగు, పందిరి, గూడు, నీడ. వీటిని కొంతమంది చిన్నచూపు చూస్తారు, గ్రానైటు మీద బరువుగా కనిపించవంటారు. నేను ఒక పరీక్ష చెప్తాను. పేరుకి 'కి', 'లో' తగిలించి నోటితో అని చూడండి. "ఆదివారం నిలయానికి రండి" అని ఎవరూ అనరు. సదనంలో అన్నం తిన్నాం అని ఏ మనవడూ చెప్పడు. అదే "పొదరింట్లో ఉన్నాం", "లోగిట్లో కలుద్దాం", "ముంగిట్లో దిగాం" అని చూడండి. ఇల్లు ఇంటిగా, లోగిలి లోగిటిగా మారినట్టు మారే మాటలు ఇవి. అలా నోట్లో కరిగి రూపం మార్చుకోగలిగే పేరే వాడుకలో బతుకుతుంది. రాయి మీద ఎలా ఉందన్నది సగం పరీక్షే.

తెలుగు మాటల్లోనూ ఏరుకోవాలి. 'గడి' పొట్టిగా గట్టిగా ఉంటుంది గానీ తెలంగాణలో అది దొరల కోటలాంటి ఇల్లు, వాళ్ళ వెట్టిచాకిరీ ఆ మాటకి అంటుకుని ఉంది. 'కొంప' అచ్చతెలుగే, కానీ మన భాషలో కొంప ఎప్పుడూ మునుగుతుంది లేదా అంటుకుంటుంది. 'మా ఇల్లు' అని పెట్టినాయన ఇంటికి భోజనం తెచ్చిన కుర్రాడు వీధి చివర నిలబడి "మా ఇల్లు ఎక్కడండీ?" అని అడగడం నేనే విన్నాను.

ఇంగ్లీషు పేర్లతో నాకు పేచీ లేదు, అర్థముంటే. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు కుటుంబం ఇల్లు 'గోల్డెన్ థ్రెషోల్డ్', 1905లో వచ్చిన ఆవిడ మొదటి కవితాసంపుటి పేరే ఇంటికీ వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది ఆ ఇంట్లోనే. తెలుగులో అనుకుంటే బంగారు గడప. ఎంత బావుందో! 'స్వీట్ హోమ్', 'డ్రీమ్ విల్లా'ల గురించి మాత్రం చెప్పడానికి ఏమీ లేదు.

అక్షరాలు రాలిపోకుండా

నేను పేర్ల వేటలో ఉన్నప్పుడు ఎక్కువ నేర్పింది పండితులు కాదు, ఆ గ్రానైటు షాపాయన. గోడ మీద విడివిడిగా అంటించే స్టీలు అక్షరాలు తీసుకుంటే ఒత్తులు వేరే ముక్కలుగా వస్తాయి. నాలుగు వానాకాలాలకి మొదట రాలేది అవే. 'కృష్ణ' అన్న పేరు కింద ఒత్తు రాలి 'కృష'గా మిగిలిన గేటు ఆయన చూపించాడు. రాయిలోకి చెక్కించి రంగు నింపితే ఆ బెంగ లేదు గానీ, రంగు కొన్నేళ్ళకి వెలుస్తుంది, మళ్ళీ నింపించాలి. స్టీలే కావాలంటే ఒత్తులు తక్కువున్న పేరు చూసుకోండి. 'శ్రీ వేంకటేశ్వర నిలయం' ఈ పరీక్షలో కూడా నెగ్గలేదు. నాన్నగారికి మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

ఇంగ్లీషు లిపిలో మాత్రమే రాయించేవాళ్ళు ఒకసారి తెలియనివాడి చేత చదివించుకోండి. ళ, ణ అక్కడ ఉండవు, దీర్ఘాలు ఎక్కడివక్కడ ఊగుతాయి. మా పక్క వీధి సంగీతం మాస్టారు ముచ్చటపడి 'కళానిలయం' అని ఇంగ్లీషులో పెట్టించారు. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "కాలనిలయం ఎక్కడ సార్?" అన్నాడు. యముడి ఇల్లు! పైన తెలుగు, కింద చిన్నగా ఇంగ్లీషు ఉంటే ఇద్దరికీ తృప్తి.

జ్యోతిషం చూసేవాళ్ళు యజమాని నక్షత్రానికి తగ్గ అక్షరంతో మొదలుపెట్టమంటారు. నాది అశ్విని. చూ, చే, చో, లా. నాలుగింటితో వారం రోజులు కుస్తీ పట్టాను. 'చే'తో 'చేమంతి', 'చేరువ' దొరికాయి. 'చేరువ' నాకిప్పటికీ ఇష్టమే, ఎవరికైనా కావాలంటే తీసుకోండి.

పది నెలలకి

గృహప్రవేశం నాటికే పేరు తేల్చాలని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. శుభలేఖలో 'మా నూతన గృహం' అంటే చాలు. రాయికి చోటు వదిలి, ఒక వానాకాలం, ఒక వేసవి ఆ ఇంట్లో గడపండి. ఎండ ఎటు నుంచి వస్తుందో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, వీధి మీ ఇంటిని ఏమంటోందో తెలుస్తుంది. మమ్మల్ని పాలాయన తన పుస్తకంలో 'నల్లరాయి' అని రాసుకున్నాడు. కొన్నాళ్ళు అదే ఖాయం చేద్దామా అనిపించింది కూడా.

మా తూర్పు గోడ అవతల పక్కింటివాళ్ళ పొగడచెట్టు ఉంది. చైత్రం దాటాక పూత మొదలైంది. తెల్లారేసరికి మా వరండా నిండా చిన్నచిన్న చక్రాల్లాంటి పూలు. పనమ్మాయి రోజూ విసుక్కుంటూ ఊడ్చేది. అమ్మ ఆ ఊడ్చినవాటిలోంచి మంచివి ఏరి దండ గుచ్చేది, పొగడపూలు ఎండినా వాసన పోదు కదా. పదింటివరకూ ఆ చెట్టు నీడ సరిగ్గా నాన్నగారి పడకకుర్చీ మీద ఉంటుంది. ఆయన పేపరు అక్కడే. ఓ రోజు మా ఆవిడ ఎవరితోనో ఫోన్‌లో "మామయ్య పొగడనీడలో ఉన్నారు, పిలుస్తా ఉండు" అంది.

అయిదు అక్షరాలు, ఒక్క ఒత్తు లేదు. 'కి', 'లో' బాగా అతుకుతాయి. చెట్టు ఉంది, అబద్ధం కాదు. నాన్నగారు రెండు రోజులు బిగదీశారు. "పక్కింటివాళ్ళ చెట్టు పేరు మన ఇంటికేంట్రా?" అన్నారు. ఆయనకి పూజగదికి 'శ్రీ వేంకటేశ్వర' అని ఇత్తడి పలక చేయించాం, సర్దుకున్నారు. మా బావ మాత్రం మొదటిసారి చదవగానే, "పొగడనీడా? అంటే మీ ఇంట్లో ఎవరినీ పొగడనివ్వరా?" అన్నాడు. ఈ విరుపు నాకు తట్టలేదు. మీరు ఖాయం చేసుకునే ముందు ఇలాంటి బావ ఒకడికి చూపించండి.

చెక్కించిన వారానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. గేటు దగ్గరే ఆగి, కళ్ళజోడు పెట్టుకుని, రాయి మీది పేరు రెండుసార్లు చదివాడు. ఆ వేర్లు ప్రహరీగోడని పగలగొడుతున్నాయనీ, వేసవి వెళ్ళగానే చెట్టు కొట్టించేద్దామనీ అనుకుంటున్నాట్ట.

"ఇప్పుడు కొట్టిస్తే మీ ఇంటికి పేరుండదు" అన్నాడు కాస్త కోపంగానే. "గోడ బాగుచేయించే ఖర్చులో సగం మీరివ్వాలి."

ఇచ్చాం.